ఆదివారం షాపు మూస్తే ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాకు దేవరకొండలో బట్టల షాపు ఉంది. చుట్టుపక్కల తండాల నుంచి జనం ఎక్కువగా వచ్చేది ఆదివారమే, అందుకని మా ఆయన వాక్యం పూర్తికాకముందే చర్చిలోంచి లేచి వెళ్లిపోతారు. ఇదేంటని అడిగితే, "మూసేస్తే కారు ఈఎంఐ ఎవరు కడతారు?" అంటారు. నిజం చెప్పాలంటే కారు కావాలని పట్టుబట్టింది నేనే. మేం చేస్తున్నది తప్పేనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, కారు సంగతి దాచకుండా రాశారు, చాలా సంతోషం, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. మీ ఆయనను ఆదివారం లేపి పంపిస్తున్నది గిరాకీ ఒక్కటే కాదు, ప్రతి నెలా వచ్చే ఆ కిస్తీ కూడా.

వారానికి ఒక రోజు విశ్రాంతి దినంగా పాటించమని బైబిల్లో ఒక ఆజ్ఞ ఉంది. నిర్గమకాండం 20లో ఈ ఆజ్ఞకు కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పని చేసి ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5కి వస్తే కారణం మారుతుంది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది మరిచిపోవద్దు, మీ దాసుడూ దాసీ మీలాగే విశ్రమించాలి అంటాడు, ఎద్దునూ గాడిదనూ కూడా వదలడు. ఈ మాట మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని, ఆ బాకీ తీరేదాకా బొంబాయిలోనో పూనాలోనో మట్టి మోసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు, సెలవు అడిగే నోరు లేకపోవడం అంటే ఏంటో వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ అడ్వాన్స్ ఈఎంఐ అనే పేరుతో మన చేత సంతకం పెట్టించుకుంటోందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సరే, షాపులో చీరలు మడతపెట్టే పిల్లలకు వారంలో ఏ రోజు సెలవు? మీ ఉత్తరంలో వాళ్ల ఊసే లేదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని మన దుకాణాల చట్టమే చెబుతోంది, ఆజ్ఞ అంతకంటే ముందే చెప్పింది.

తప్పా అని అడిగారు. "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను" అన్నాడు యేసు (మార్కు 2:27), కాబట్టి తలుపు తెరిచారని మిమ్మల్ని నేను దోషుల్ని చేయను. ఆర్టీసీ డ్రైవర్లు, నర్సులు ఆదివారం డ్యూటీ చేసి ఇంకో రోజు విశ్రమిస్తున్నారు, అందులో తప్పు లేదు. కానీ ఆమోసు 8:5లో, ధాన్యం అమ్ముకోవడానికి విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా అని చూసే వ్యాపారులున్నారే, ఆ ఆత్రం మనలోకి వచ్చిందంటే మాత్రం భయపడాలి. అది కొనేవాళ్లకూ వస్తుంది. ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, సాయంత్రం దాకా ఫోన్‌లో ఆఫర్లు చూస్తూ కూర్చుంటే ఆ రోజు మనసుకు విశ్రాంతి ఎక్కడిది? పైగా మనం ఆర్డర్ పెట్టింది మోసుకురావడానికి ఎండలో ఇంకొకరి కొడుకు బండి మీద తిరగాలి.

ఒకేసారి మూసేయమని ఆయనతో గొడవ పడకండి. ఈ అప్పు తీరేదాకా కొత్త కిస్తీ ఏదీ వద్దని ముందు మీరు మాట ఇవ్వండి. మాట మీ నోటి నుంచి వస్తే ఆయన టెన్షన్ సగం దిగుతుంది. తర్వాత ఆదివారం షాపు ఆరాధన పూర్తయ్యాకే తెరవమని అడగండి. షాపులో పిల్లల్ని మాత్రం ఈ వారమే పిలిచి, ఏ రోజు సెలవు కావాలో వాళ్లనే చెప్పమనండి, జీతం కోయకుండా.