గజ్జికి ఏ మందు వాడాలి? చవకైనదేనా?

ప్రశ్న: మా పెద్ద మనవడు హాస్టల్ నుంచి గజ్జితో వచ్చాడు. నెల తిరిగేసరికి ఇంట్లో ఐదుగురికీ దురదే, రాత్రిళ్లు నిద్ర లేదు. కోడలు ఐదో నెల గర్భిణి, చిన్న మనవరాలికి ఏడాది. మందుల షాపులో పెర్మెత్రిన్ క్రీమ్, గామా లోషన్, ఐవర్‌మెక్టిన్ మాత్రలు చూపించారు. తక్కువ ఖర్చులో ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఇంట్లో గర్భిణి, పసిపాప ఉన్నారు కాబట్టి ముందు గామా లోషన్‌ను పక్కన పెట్టేయండి. అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకి నరాల మీద పనిచేస్తుంది, ఫిట్స్ రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లోనే దీనిపై తీవ్ర హెచ్చరిక పెట్టింది. ఎంత చవకైనా వద్దు.

అందరికీ సరిపోయేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్. రెండు నెలలు దాటిన పిల్లలకూ, గర్భిణులకూ వాడొచ్చు. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. చాలామంది దురద ఉన్నచోటే రాస్తారు, అందుకే తగ్గదు. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, మర్మాంగాలు ఏవీ వదలకూడదు. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. పాపకు కళ్లు, నోరు తప్పించి తలకూ ముఖానికీ రాయండి. వారం తర్వాత ఇంకోసారి.

పెద్దవాళ్లకు ఒక్కసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది, కాబట్టి ఖర్చు మీకు బరువే. అక్కడే ఐవర్‌మెక్టిన్ మాత్ర ఆదుకుంటుంది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, వారం నుంచి రెండు వారాల తేడాతో రెండు మోతాదులు. గజ్జిని కలిగించే సన్నటి పురుగు గుడ్లను అది చంపలేదు, రెండో మోతాదు అందుకే. రెండూ సరిగా వేసుకుంటే క్రీమ్‌తో దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఫిజీ దీవుల్లో ఊళ్లకు ఊళ్లకే ఇచ్చి గజ్జిని బాగా తగ్గించారు. అయితే గర్భిణికీ, 15 కిలోలలోపు పిల్లలకూ ఇవ్వరు. కాబట్టి కోడలికీ పాపకూ క్రీమ్, మిగతా ముగ్గురికీ డాక్టర్ రాసిన మోతాదులో మాత్రలు. జనరిక్ అడగండి, ఇంకా తగ్గుతుంది.

ఒంటికి రాసుకునే బెంజైల్ బెంజోయేట్ లోషన్ కూడా చవకే, పనిచేస్తుంది. కానీ గీరుకున్న చర్మం మీద మంట పుడుతుంది, పిల్లలు తట్టుకోలేరు.

ఏది వాడినా, దురద లేనివాళ్లతో సహా అందరూ ఒకే రోజు వాడాలి. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోగా వాళ్ల నుంచి అంటుకుంటూనే ఉంటుంది. ఒకరికి వాడి నలుగురిని వదిలేస్తే మళ్లీ ట్యూబులు కొనక తప్పదు. ఆ రోజే దుప్పట్లు, తువ్వాళ్లు, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం ఉంచండి.

మందు వాడాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. కంగారుపడి రోజూ క్రీమ్ రాయకండి. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అసలే వద్దు, పైకి తగ్గినట్టు కనిపిస్తూ లోపల పెరుగుతుంది. చీము పడితే డాక్టర్‌కు చూపించండి. పిల్లవాడికి ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా కిడ్నీలకు ఇబ్బంది అని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మనవణ్ని తిరిగి పంపేముందు హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడండి. ఆ గదిలోని పిల్లలందరికీ మందు ఇవ్వాలి.