వికృత రూపాలపై సదస్సుకు వెళ్తున్నారా?

ప్రశ్న: ‘వికృత రూపం, వికల దేహం’ అంశంపై జరిగే అంతర్జాతీయ సదస్సుకు నా పత్రం ఎంపికైంది. పాత అచ్చు బొమ్మలపై 20 నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ఇదే మొదటిసారి. ఎలా సిద్ధం కావాలి?
– పరిశోధక విద్యార్థిని

జవాబు: ముందు నిడివి తేల్చుకోండి. నిమిషానికి 120 మాటల చొప్పున 20 నిమిషాలకు 2,400 మాటలు. స్లైడ్లు మార్చడానికి, బొమ్మను వివరించడానికి కొంత పోతుంది కాబట్టి 2,100 దగ్గర ఆపేయండి. థీసిస్ అధ్యాయాన్నే కుదించి తెచ్చేవారికి పూర్వ పరిశోధనల సమీక్షతోనే సగం సమయం అయిపోతుంది. ఒక్క బొమ్మ, ఒక్క వాదన చాలు. రెండో నిమిషానికల్లా ఆ బొమ్మ తెర మీద ఉండాలి.

ఈ రంగంలో శ్రోతలు గట్టిగా నిలదీసేది కాలక్రమం దగ్గర. 1523లో జర్మనీ మతసంస్కర్తలు లూథర్, మెలాంక్తన్ తెచ్చిన కరపత్రంలో వికృతంగా పుట్టిన దూడ దైవసంకేతం. 1832లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఇసిదోర్ జెఫ్రువా సెంతిలేర్ పుట్టుకతో వచ్చే వైకల్యాల అధ్యయనానికి ‘టెరటాలజీ’ అనే పేరు పెట్టేనాటికి అలాంటి దేహాలు పిండం ఎదుగుదలను తెలుసుకునే ఆధారాలయ్యాయి. అలాగని శకునం పోయి శాస్త్రం వచ్చిందని తేల్చేయకండి. ఈ రెండింటికీ నడుమ, 1573లో శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే రాసిన కారణాల జాబితాలో దేవుడి ఆగ్రహమూ ఉంది, గర్భాశయం ఇరుకుగా ఉండటమూ ఉంది. మీ వాదనకు బలం అక్కడే దొరుకుతుంది.

బొమ్మ చూసి ఇప్పటి వ్యాధి పేరు పెట్టే పని అసలు వద్దు. 1512లో ఇటలీలోని రావెన్నాలో పుట్టిందని చెప్పే వికృత శిశువు బొమ్మలో ప్రతి చెక్క అచ్చుకూ అవయవాల వివరాలు మారిపోయాయి. మీరు రోగనిర్ధారణ చేసేది శిశువుకు కాదు, చెక్కినవాడి చేతికి.

ప్రశ్న: మనుషుల ఫొటోలు, అస్థిపంజరాలు తెర మీద చూపవచ్చా?

జవాబు: ఆ చిత్రం లేకపోయినా వాదన నిలబడితే తీసేయండి. ‘ఐరిష్ జెయింట్’గా పేరుపడ్డ చాలా పొడగరి చార్లెస్ బర్న్ 1783లో చనిపోయేముందు తన శరీరాన్ని సముద్రంలో వదిలేయమని కోరాడు. అయినా శస్త్రవైద్యుడు జాన్ హంటర్ దాన్ని సంపాదించాడు. అస్థిపంజరం లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉండేది. 2023లో మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు దాన్ని బయట పెట్టలేదు. మ్యూజియమే దాచినదాన్ని మీరు తెరపై పెద్దది చేసి చూపాలంటే గట్టి కారణం కావాలి.

చూపక తప్పనప్పుడు ముందు ఖాళీ స్లైడు పెట్టి, రాబోయేదేమిటో చెప్పండి. తల తిప్పుకోవాలనుకునేవారికి వ్యవధి దొరుకుతుంది. చూపులేనివారి కోసం బొమ్మను రెండు వాక్యాల్లో వర్ణించండి. తర్వాత మళ్లీ ఖాళీ స్లైడుకు వెళ్లాలి. దీన్ని మరిచిపోతే ప్రశ్నల సమయమంతా ఆ దేహం తెర మీదే ఉండిపోతుంది. మీరు మాట్లాడే దేహం లాంటి దేహంతోనే సభలో ఎవరైనా కూర్చుని ఉండవచ్చు.

ప్రశ్న: ‘మాన్‌స్టర్’ అనే మాట వాడవచ్చా?

జవాబు: మూలంలోని మాటగా, ఉల్లేఖనలో వాడండి. మీ సొంత వాక్యంలో మనిషిని పేరుతోనే పిలవండి, అదీ సరైన పేరుతో. ‘ఎలిఫెంట్ మ్యాన్’గా ప్రదర్శించిన జోసెఫ్ మెరిక్‌ను ఆయనకు వైద్యం చేసిన ట్రీవ్స్ తన జ్ఞాపకాల్లో ‘జాన్’ అని రాశాడు. ఆ తప్పును ఇప్పటికీ తిరిగి రాస్తున్నారు.

ఇంకొకటి. పత్రం ప్రతులు రెండు మూడు 18 పాయింట్ల పెద్ద అక్షరాల్లో తీసుకెళ్లండి. సంజ్ఞాభాష అనువాదకులుంటే పాఠం ముందే పంపండి. గొంతు పెద్దదని మైకు వద్దనకండి. వినికిడి పరికరానికి శబ్దం చాలా హాళ్లలో మైకు ద్వారానే అందుతుంది.