మంత్రిగారు ఖండించారు సరే, దేన్ని? ఎలా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది చెన్నై, పెరంబూరు. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో విదేశాంగ శాఖకు వచ్చే ప్రశ్నలూ జవాబులూ తెలుగులో క్లుప్తంగా రాసిపెట్టడం నా ఉద్యోగం. మొన్న ‘మానవ హక్కులపై ఒక విదేశీ సంస్థ ఇచ్చిన నివేదికను మంత్రి ఖండించారు’ అని రాశాను. నా పక్క సీటులో కూర్చునే తమిళమ్మాయికి తెలుగు చదవడం వచ్చు. అది చూసి, ‘కండనం తెలిపారా, లేకపోతే అందులో ఉన్నది నిజం కాదన్నారా?’ అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఖండించడమంటే రెండూ కదా! నేను రాసింది తప్పా? ఇంకో రెండు చిన్న సందేహాలు కూడా. ‘ఆ దేశానికి ఏమైనా ప్రాతినిధ్యాలు చేశారా’ అనేది సరైన తెలుగేనా? ‘మానవ హక్కులు’ అనాలా, ‘మానవాధికారాలు’ అనాలా?

సమాధానం: అమ్మా, వ్యాకరణం ప్రకారం మీ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ చదివినవాళ్ళకు మంత్రిగారు ఏం చేశారో మాత్రం తెలియదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ‘దాడిని ఖండించారు’ అంటే దాడి జరిగిందని ఒప్పుకుంటూ, అది ఘోరమని చెప్పడం. ‘ఆరోపణను ఖండించారు’ అంటే అలాంటిదేమీ జరగనేలేదని చెప్పడం. ఒకటేమో అవును, మరొకటేమో కాదు, రెంటికీ మనం ఒకే క్రియ వాడుతున్నాం. ఊళ్ళో రాజకీయాల వార్తల్లో ఇది చెల్లిపోతుంది, ఎందుకంటే ఎవరు ఎవర్ని ఎందుకు తిడుతున్నారో చదివేవాళ్ళకు ముందే తెలుసు. విదేశాంగ శాఖ జవాబుల్లో అలా చెల్లదు. అక్కడ ఒక్కో మాటనూ నలుగురైదుగురు అధికారులు చూసి, తగ్గించి, దిద్ది పంపిస్తారు, మనం దాన్ని తీసుకొచ్చి ‘ఖండించారు’ అనే ఒక్క డబ్బాలో పోసేస్తున్నాం.

సంస్కృతంలో ఖండించడమంటే ముక్కలు చేయడం, తెగ్గొట్టడం. శాస్త్రచర్చల్లో ఎదుటివాడి వాదాన్ని తెగ్గొట్టడం ఖండన, తన వాదాన్ని నిలబెట్టుకోవడం మండన, ఖండనమండనలని జంటగా అంటాం కదా. అంటే ఆరోపణను ఖండించడమనే వాడుక గాలిలోంచి ఊడిపడింది కాదు, ఆ ధాతువుకు దగ్గర బంధువే. తమిళంలో మాత్రం దారి వేరు. అక్కడ ‘కండనం’ అంటే తప్పని గట్టిగా చెప్పడమే, కాదనడానికి ‘మఱుప్పు’ అని వేరే మాట ఉంది, ఆ రెండూ కలవవు. మీ స్నేహితురాలికి అనుమానం వచ్చింది అందుకే. ఇంకో తమాషా ఏమిటంటే, మీరు రోజూ ఆటోవాడి దగ్గరా కూరల కొట్టులోనూ వినే ‘కండిప్పా’ కూడా ఈ కుటుంబందే, మనం ‘ఖండితంగా చెప్పాడు’ అంటామే, ఆ ఖండితం. ఆ లెక్కన మంత్రిగారు ఆరోపణను ఖండితంగా ఖండించారని కూడా రాయొచ్చు, దయచేసి రాయకండి.

మరి ఎలా తేల్చుకోవాలి? క్రియకు ముందున్న కర్మను చూడండి. అది ఒక పని గానీ సంఘటన గానీ అయితే, అంటే దాడి, హత్య, అరెస్టు, కాల్పులు లాంటివైతే, ‘ఖండించారు’ నిశ్చింతగా వాడొచ్చు, ఎవరూ వేరుగా అర్థం చేసుకోరు. అది ఒక మాట అయితే, అంటే ఆరోపణ, పుకారు, ప్రచారం అయితే, ఖండనకు కాదనడమనే అర్థం వస్తుంది, అదీ చెల్లుతుంది. పేచీ వచ్చేది రెండిటి మధ్యనా ఉన్నవాటితో: నివేదిక, తీర్మానం, వ్యాఖ్య, ప్రకటన. నివేదిక ఒక మాట కూడా, ఒక పని కూడా. నివేదికలో ఉన్న సంగతులు అబద్ధమన్నారా, అలాంటి నివేదిక ఇవ్వడమే అన్యాయమన్నారా, లేక ఆ సంస్థకు మా సంగతి మాట్లాడే హక్కే లేదు పొమ్మన్నారా? ఈ మూడూ వేరువేరు జవాబులు. ఇలాంటి చోట ‘ఖండించారు’ పక్కనపెట్టేసి, మంత్రి నిజంగా చేసినదానికి సరిపోయే క్రియ వెతుక్కోవాలి.

వెతుక్కోవడానికి మనకు మాటలకు కొదవ లేదు. నిజం కాదంటే ‘అది నిజం కాదన్నారు’ అని మూడు మాటల్లో రాసెయ్యండి, అంతకంటే స్పష్టమైనది లేదు. మేం ఒప్పుకోం, మాకు సమ్మతం కాదు అంటే ‘తిరస్కరించారు’. పట్టించుకోదగ్గదే కాదన్నట్టు మాట్లాడితే ‘కొట్టిపారేశారు’, కాస్త మర్యాదగా అయితే ‘తోసిపుచ్చారు’. ఆ సంస్థ పద్ధతి బాగోలేదంటే ‘తప్పుపట్టారు’. రాయబారిని పిలిపించి మరీ చెబితే ‘నిరసన తెలిపారు’. ‘నిరాకరించారు’ విషయంలో మాత్రం జాగ్రత్త: అది ఒక పని చేయననడం, ‘వ్యాఖ్యానించడానికి నిరాకరించారు’ బాగుంది గానీ ‘ఆరోపణలను నిరాకరించారు’ అంటే చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది, హిందీ వాసన కొడుతుంది.

హిందీ అన్నాను కాబట్టి, ఈ చిక్కు ఎంత దూరం పోగలదో చెప్పే సంగతి ఒకటుంది. 2003 మార్చిలో అమెరికా కూటమి ఇరాక్ మీద యుద్ధానికి దిగింది. వాజపేయి ప్రభుత్వం మధ్యే మార్గం అంటోంది, ప్రతిపక్షాలేమో పార్లమెంటు దాన్ని గట్టిగా ఖండించాల్సిందేనని పట్టుబట్టాయి. చివరికి ఏప్రిల్‌లో లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. హిందీలో వాడిన మాట ‘నిందా’. హిందీలో ఆ మాటకు తీవ్రంగా ఖండించడమని చెప్పుకోవచ్చు, తగదని బాధపడడమనీ చెప్పుకోవచ్చు. ఇంగ్లీషు పాఠంలో మాత్రం తీవ్రత తగ్గించి ‘డిప్లోర్’ అన్నారు, ‘కండెమ్’ అనలేదు. ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుని అందరూ ఒకే తీర్మానం మీద ఏకమయ్యారు. మరి తెలుగువాడు ఏం రాయాలి? ‘భారత పార్లమెంటు అమెరికాను నిందించింది’ అంటే అసలుకే మోసం. మనకు నింద అంటే లేని తప్పు అంటగట్టడం, వినాయక చవితి కథ విన్న ప్రతివాడికీ నీలాపనిందే గుర్తొస్తుంది. హిందీ నిందా, తెలుగు నింద అక్షరాల్లో అక్కాచెల్లెళ్ళే గానీ కాపురాలు వేరు. అలాంటి చోట మనకు పనికొచ్చే మాట ‘గర్హించింది’. పాతవాసన వేస్తుందనుకుంటే ‘తగని పని అన్నది’ అనండి. ‘ఖండించింది’ అంటే మాత్రం ప్రభుత్వం ఒప్పుకోనిదాన్ని దాని నోట పెట్టినట్టే.

దౌత్యం భాషలో ఇవన్నీ మెట్లు. గమనిస్తున్నాం అనేది కింది మెట్టు, తర్వాత ఆందోళన, తీవ్ర ఆందోళన, విచారం, గర్హణ, ఆపైన ఖండన. ప్రభుత్వం రెండో మెట్టు మీద ఆగిపోతే మనం దాన్ని లాక్కెళ్ళి చివరి మెట్టు మీద కూర్చోబెట్టకూడదు. పైగా మనకు ‘ఆందోళన’తో ఇంకో తలనొప్పి. ‘అక్కడి మైనారిటీల పరిస్థితిపై భారత్ ఆందోళన’ అని శీర్షిక పెడితే సగంమంది ధర్నా అనుకుంటారు. ‘ఆందోళన వ్యక్తం చేసింది’ అని పూర్తిగా రాయండి, చోటు లేకపోతే ‘కలవరం’ అనండి, అది చిన్నదీ, మనదీ.

మీరు అడగలేదు గానీ, మీ పనికి సంబంధించింది కాబట్టి ఇంకో మాట. ‘సభ్యుడు మంత్రిని నిలదీశారు’ అని రాసే ముందు ఆ ప్రశ్న ఏ రకమో చూసుకోండి. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు ఉంటాయి, వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అన్‌స్టార్డ్ ప్రశ్నలు 230 దాకా ఉంటాయి, వాటికి కాగితం మీద జవాబు సభ ముందు పెడతారు, అంతే. ఎవరూ నిలబడరు, ఎవరూ ఎవర్నీ నిలదీయరు, మంత్రి నోరు విప్పరు. దానికి ‘సభలో మంత్రి మాట్లాడుతూ’ అని మొదలుపెట్టడం అబద్ధమే అవుతుంది. ‘లిఖితపూర్వక సమాధానంలో తెలిపారు’ అనే మాట వినడానికి చప్పగా ఉన్నా అదే నిజం. స్టార్డ్ ప్రశ్నలు కూడా ఇరవై ఉన్నా ప్రశ్నోత్తరాల గంటలో నోటిదాకా వచ్చేవి కొన్నే, మిగతావాటికీ కాగితమే గతి.

ఇంకా చెప్పాలంటే, లిఖితంగా ఇచ్చే ప్రశ్నలో నిలదీయడానికి రూల్సే ఒప్పుకోవు. లోక్‌సభ 41వ నియమం ప్రకారం ప్రశ్నలో వాదనలు ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, నిందారోపణలు, విశేషణాలు ఉండకూడదు, ‘ఒకవేళ ఇలా జరిగితే’ అని ఊహించి అడగకూడదు, మామూలుగా 150 మాటలు దాటకూడదు. మన విషయానికి ముఖ్యమైనది, మిత్రదేశం గురించి అమర్యాదగా ప్రస్తావించకూడదు. అందుకే ఆ ప్రశ్నలు అంత మెత్తగా, ‘అనేది వాస్తవమేనా, అయితే వివరాలేమిటి’ అని ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మానవ హక్కుల విషయంలో పరాయి దేశం మీద సభ్యుడికి ఎంత కోపమున్నా ఆ కోపమంతా ‘ప్రభుత్వం దృష్టికి వచ్చిందా’ అనే మూడు మాటల్లో ఇమడాలి. వేడి పుట్టేది అనుబంధ ప్రశ్నల దగ్గరే. అక్కడ నిలదీస్తే నిలదీశారనే రాయండి, ఎవరొద్దన్నారు!

‘అయితే వివరాలేమిటి’ అనే ఆ అచ్చు మీకు విసుగు పుట్టిస్తుందని తెలుసు, కానీ దాన్ని ‘ఒకవేళ అవును అయితే, దాని యొక్క వివరములు ఏవి’ అని రాసేవాళ్ళను కూడా చూశాను. ‘యొక్క’ను చూస్తేనే నాకు బీపీ.

ఇక ప్రాతినిధ్యాలు. బ్రిటన్ పార్లమెంటులో విదేశాంగ మంత్రిని అడిగే ప్రశ్నల్లో ఇది అరిగిపోయిన మాట: ఫలానా దేశంలో ఖైదీల విషయమై ఆ ప్రభుత్వానికి ఏం ‘రిప్రజెంటేషన్లు’ చేశారని. మన దగ్గరా అదే అలవాటు వచ్చింది. తెలుగులో ప్రాతినిధ్యం వహిస్తారు, కల్పిస్తారు, చేయరు. ఎమ్మెల్యే నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహిస్తాడు, మన ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి ప్రాతినిధ్యం వహిస్తే కొంప మునిగినట్టే. అక్కడి అర్థం అభ్యంతరమో, ఆందోళనో, కోరికో అవతలి ప్రభుత్వానికి అధికారికంగా చెప్పడం. ‘ఆ ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్ళారా’ అంటే సరిపోతుంది. అదే మాట తిరగబడి ‘ప్రభుత్వానికి రిప్రజెంటేషన్లు వచ్చాయా’ అని ఉంటే అవి వినతిపత్రాలు, అంతే. ఇది చెన్నైలో మీకు తరచుగా తగులుతుంది. శ్రీలంక నౌకాదళం తమిళనాడు జాలర్లను పట్టుకున్న ప్రతిసారీ ఇక్కడి ఎంపీలు అడుగుతారు, మంత్రిత్వశాఖ దౌత్యమార్గాల్లో ప్రస్తావించామని చెబుతుంది. ‘ప్రస్తావించాం’ అంటే మాట ఎత్తామని మాత్రమే. దాన్ని ‘ఒత్తిడి తెచ్చాం’ అని పెంచేయకండి, ‘చర్చించాం’ అని కూడా వద్దు, చర్చకు అవతలివాడు కూడా నోరు విప్పాలి.

శ్రీలంక పేరు ఎలాగూ వచ్చింది. అక్కడి మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో 2012లోనూ 2013లోనూ మన దేశం తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది, 2014లో ఓటు వేయకుండా ఉండిపోయింది, 2021లోనూ అంతే. దీన్ని తెలుగులో ‘గైర్హాజరైంది’ అని రాసినవాళ్ళున్నారు. గైర్హాజరంటే అసలు రాకపోవడం. తేడా ఎంతో చూడాలంటే 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో జరిగిన ఓటింగు చూడండి. అనుకూలం 141, వ్యతిరేకం 5, ఓటు వేయనన్నవి 35, అందులో భారత్ ఒకటి. ఇవన్నీ కలిపితే 181. సభ్యదేశాలు 193. మిగిలిన 12 దేశాలు అసలు ఓటింగులోనే లేవు. ఆ 12తో భారత్‌ను కలిపేస్తే ఎలా? ‘తటస్థంగా ఉంది’ అనడం గైర్హాజరు కంటే నయమే గానీ, మన ప్రతినిధి ఓటు వేయకపోయినా లేచి ఎందుకు వేయలేదో వివరిస్తూ నాలుగు మాటలు అంటాడు, అందులో తటస్థం కానివి కూడా ఉంటాయి. ‘ఓటింగుకు దూరంగా ఉంది’ అనేది జనానికి అలవాటైంది, అది వాడండి.

మానవ హక్కులనే రాయండి. ‘హక్కు’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది కాబట్టి సంస్కృత ‘మానవ’ పక్కన కూర్చోకూడదనే పండితులు ఉన్నారు, వాళ్ళు కూడా ఇంటి హక్కుల పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ మాట ఎత్తరు. ‘అధికార్’ హిందీలో హక్కు, తెలుగులో అధికారం అంటే పెత్తనం. 1993లో ఏర్పడ్డ జాతీయ సంస్థను హిందీలో మానవాధికార్ ఆయోగ్ అంటారు, మనం జాతీయ మానవ హక్కుల కమిషన్ అంటున్నాం, బాగానే ఉంది. ఇక మీ మొన్నటి వాక్యం: మంత్రి జవాబు మరోసారి తీసి చూడండి. నివేదికలోని వివరాలు నిజం కావన్నారంటే ‘నివేదికలోని ఆరోపణలు నిజం కాదన్నారు’ అని, మా అంతర్గత వ్యవహారాల్లో మీరు తలదూర్చొద్దన్నారంటే ‘నివేదికను తిరస్కరించారు’ అని మార్చండి. రెండూ అన్నారంటే రెండు వాక్యాలు రాయండి.