షాపులో బొమ్మ వీపు చూడరా అల్లుడూ

అల్లుడూ,

మొదటి జీతంతో ఇంట్లో మగవాళ్ళు ముగ్గురికీ బట్టలు కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకు, తమ్ముడికి, నాన్నకి. ఆఫీసు బట్టలు కావు, సరదాగా బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునేవి అంది. వినగానే గర్వంగా అనిపించింది. తర్వాత నువ్వు రాసుకున్న లిస్టు పంపింది. అది చూశాక మొదలైంది నాకు టెన్షన్. ముగ్గురికీ మూడు సెట్లు, ఒకే రోజు, ఒకే షాపులో, డబ్బు చాలకపోతే వాయిదాల మీద! ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

చిన్న విషయాలు ముందు అనేస్తా. కొనే ముందు బీరువాలో ఉన్నవన్నీ బయట పడేసి చూసుకో. సేల్ అన్న బోర్డు చూసి లోపలికి పోకు. బయటికి ఏ బూట్లు వేసుకుంటావో వాటితోనే ప్యాంటు ట్రయల్ వెయ్యి. మొదటిసారి ఉతికేదాకా బిల్లు పారెయ్యకు.

ఇక అసలు సంగతి. లిస్టులో నీ పేరు కింద ఓవర్‌షర్టు (అదే, టీషర్టు పైన జాకెట్‌లా వేసుకునే చొక్కా), ప్యాంటు, లోపలికి టీషర్టు, తోలు బూట్లు రాసి, పక్కన "షాపులో బొమ్మకి ఉన్నట్టే" అని రాశావు. ఆ చివరి మాట నాకు నిద్ర లేకుండా చేసింది.

మీ నాన్న సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. నీ వయసులో తనూ ఇలాగే మొదటి జీతం జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళాడు. అద్దాల వెనక బొమ్మకి చొక్కా, ప్యాంటు, జాకెట్, బూట్లు తొడిగి నిలబెట్టారట. బొమ్మ ఒంటి మీద ఉన్నవన్నీ కావాలన్నాడు. జీతం చాలకపోతే స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నాడు. ఇంటికొచ్చి వేసుకుంటే జాకెట్ కుట్టు భుజం ఎముక దాటి కిందికి జారింది. చొక్కా వీపు వైపు గాలి నింపినట్టు ఉబ్బింది. సంచీలో కుక్కుకుని నా దగ్గరికి తెచ్చాడు. "బొమ్మకి బాగానే ఉంది కదక్కా" అన్నాడు. మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

బొమ్మకి ఎందుకు బాగుంటుందో తెలుసా? వీపు వైపు క్లిప్పులూ గుండుసూదులూ పెట్టి గుడ్డంతా వెనక్కి లాగి బిగిస్తారు. ముందు నుంచి చూసేవాడికి ఒంటి మీదే కుట్టినట్టు కనిపిస్తుంది. ఫోటోల్లో మోడళ్ళకీ అంతే, క్లిప్పులు కెమెరాకి కనపడని వైపు ఉంటాయి. వీలైతే బొమ్మ వెనక్కి వెళ్ళి ఒకసారి చూడు, షాపువాళ్ళు ఏమీ అనుకోరు.

ఆ చొక్కా పక్క కుట్లు లోపలికి తీశా, సరిపోయింది. ప్యాంటు నడుము తగ్గించా, అదీ కుదిరింది. జాకెట్ మాత్రం నా వల్ల కాదని చెప్పేశా. భుజం తగ్గించాలంటే చేతులు రెండూ ఊడదీసి, చంక గుండ్రం మళ్ళీ కత్తిరించి, లోపలి ప్యాడ్, అస్తరు సర్దుకుంటూ తిరిగి కుట్టుకురావాలి. బోలెడు కూలి అవుతుంది, అంత చేసినా కుదురుతుందన్న నమ్మకం ఉండదు.

పోనీ జాకెట్ ఒక్కటే పోయిందనుకుంటే అదీ కాదు. ఆ ప్యాంటు రంగు ఆ జాకెట్‌కి తప్ప ఇంట్లో ఏ చొక్కాకీ నప్పదు. ఆ గళ్ళ చొక్కా ఆ ప్యాంటు మీదే బాగుంటుంది. సెట్టులో ఒకటి పోయేసరికి మిగతావి కూడా దానితోపాటే బీరువా అడుగుకి వెళ్ళిపోయాయి. అప్పు తీరేదాకా పాత చొక్కాలే ఉతుక్కుని వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే "బట్టల మీద నాకంత ఇది లేదు" అనేవాడు. ఇప్పటికీ అదే మాట అంటాడు, చూస్తూనే ఉన్నావుగా. మీరంతా పిసినారి అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటాడు. అది పిసినారితనం కాదురా. షాపులో అద్దం ముందు నిలబడాలంటే తనకి భయం. ఈ సంగతి నీకు తెలిసినట్టు తన ముందు బయటపడకు.

అందుకని సెట్టు కొనొద్దు. విడివిడిగా కొను. కొత్తగా వచ్చే ప్రతిదీ ఇంట్లో ఇప్పటికే ఉన్న రెండు మూడింటితో కలవాలి. లెక్క నువ్వే వేసుకో. ఎనిమిది కొంటున్నావనుకో, చొక్కా ప్యాంటు సెట్లుగా కొంటే 4 జతలు. అదే 3 ప్యాంట్లు, 5 చొక్కాలో టీషర్టులో అన్నీ అన్నిటితో కలిసేలా ఏరుకుంటే 15 జతలు. నేవీ బ్లూ, బూడిద, తెలుపు, ఖాకీ, ముదురు ఆకుపచ్చ ఒకదానితో ఒకటి పోట్లాడవు. కళ్ళు చెదిరే రంగు కావాలనిపిస్తే ఒక్క టీషర్టులో తీర్చుకో, ప్యాంటులో వద్దు. పెద్ద గళ్ళ మీద పెద్ద చారలు అసలే వద్దు.

ట్రయల్ రూములో ముందు భుజం చూడు. కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. (ఇప్పుడు కావాలనే భుజం జారేలా కుట్టిన లూజు రకాలొస్తున్నాయి, వాటి లెక్క వేరు.) తర్వాత చేతులు ముందుకి చాపు. ఆ తర్వాత కూర్చో. నిలబడి అద్దంలో చూసుకుని కొనేస్తారు గానీ, ప్యాంటు ఇబ్బంది కూర్చున్నప్పుడే కదా తెలిసేది? పొడవు ఎక్కువైతే ఫరవాలేదు, అంచు మడిచి కుట్టొచ్చు. నడుము ఒక అంగుళం అటూ ఇటూ అయినా సర్దొచ్చు, పెంచాలంటే మాత్రం లోపల గుడ్డ వదిలి ఉండాలి. చొక్కా పక్కలు లూజైనా తీయొచ్చు. భుజం, ఛాతీ బిగుతు, నడుము నుంచి కాళ్ళ మధ్య కుట్టు దాకా ఉండే కొలత, ఈ మూడింట్లో తేడా వస్తే ఎంత నచ్చినా అక్కడే పెట్టి వచ్చెయ్యి.

తమ్ముడికి నువ్వు పెట్టుకున్న డబ్బు తక్కువ. తక్కువైనందుకు బాధపడకు, చదువుకునేవాడికి అది చాలు. కానీ ఆ డబ్బులో అయిదు టీషర్టులు రాశావు, తగ్గించు. ముదురు నీలం జీన్స్ ఒకటి, చిరుగులూ తెల్ల మరకలూ లేనిది. ఖాకీ కాటన్ ప్యాంటు ఒకటి. అచ్చులు లేని టీషర్టులు రెండు, చొక్కా ఒకటి, సాదా బూట్లు ఒక జత. ఆల్టరేషన్‌కి కావాల్సింది ముందే తీసి పక్కన పెట్టు. తక్కువ డబ్బున్నవాడికే ఆల్టరేషన్ ఎక్కువ అవసరం. చవక ప్యాంటు అయినా పొడవు సరిగ్గా ఉంటే ఖరీదైనదిలా కనిపిస్తుంది. ఖరీదైనది మడమ దగ్గర కుప్పపడితే చవకగా కనిపిస్తుంది. "పెరిగే వయసు కదా" అని భుజాలు పెద్దవి కొనకు. ప్యాంటు అంచులో గుడ్డ ఎక్కువ ఉన్నది చూసి కొను, కావాలంటే దింపుకోవచ్చు.

టీషర్టు మీద జీఎస్ఎం అని రాస్తారు, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. 140, 150 అంటే పల్చన. 180 నుంచి 200 దాకా ఉన్నది ఒంటి మీద నిలుస్తుంది. అంకె లేకపోతే లోపల చెయ్యి పెట్టి చూడు, వేళ్ళు లెక్కపెట్టగలిగితే వదిలెయ్యి. పక్క కుట్టు నిలువుగా దిగుతోందో లేదో కూడా చూడు. గుడ్డ మెలి తిరిగి ఉంటే నాలుగు ఉతుకులకి ఆ కుట్టు పొట్ట మీదికి వచ్చేస్తుంది. ఒకరు వాడేసిన బట్టలు కొనుక్కుంటానని తమ్ముడు అన్నాడట, నాకేం అభ్యంతరం లేదు. కాలర్ మడత లోపల, చంకలు, ప్యాంటు సీటు వెలుతురులో పట్టి చూడమను.

జీన్స్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పనీ. అది పెద్ద డిజైనర్లు కనిపెట్టింది కాదు, ఒక దర్జీ చేసింది. అమెరికాలో రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ, పనివాళ్ళ ప్యాంట్లు జేబుల దగ్గర ఊరికే చిరిగిపోతుంటే అక్కడ రాగి రివెట్లు కొట్టాడు. పేటెంట్ తీసుకునేంత డబ్బు లేక, తనకి గుడ్డ అమ్మే వ్యాపారి లీవై స్ట్రాస్‌కి ఉత్తరం రాశాడు. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంట్ వచ్చింది. ఇప్పుడు లోకమంతా తెలిసింది గుడ్డల వ్యాపారి పేరు. దర్జీని ఎవరు గుర్తుపెట్టుకుంటారు! సరే, నా ఏడుపు నాది. కొత్త జీన్స్ తిరగేసి, చన్నీళ్ళలో, విడిగా ఉతకమని తమ్ముడికి చెప్పు. నీలం రంగు దారానికి పైపైనే పట్టుకుని ఉంటుంది, మొదట్లో రాసుకున్న చోటల్లా అంటుతుంది. తెల్ల బూట్లు కొనిస్తే వారం తిరక్కుండా పైఅంచు నీలం అయిపోతుంది.

నీ బడ్జెట్ మధ్యరకం. ఎక్కువ భాగం నడుము కింది వాటికి పెట్టు, అంటే ప్యాంట్లకి, బూట్లకి. టీషర్టు ఎంత పెట్టి కొన్నా మెడ సాగుతుంది, చంక మాస్తుంది. అడుగు కుట్టిన తోలు బూట్లయితే అరిగాక అడుగు మార్పించుకోవచ్చు, జిగురుతో అంటించినవాటికి ఆ వీలు తక్కువ. వరసగా రెండు రోజులు ఒకే జత వేసుకోకు, లోపలి చెమ్మ ఆరాలి. ఓవర్‌షర్టు నీకు బాగుంటుంది, అందులో నీ ఎంపికకి వంక పెట్టను. బొమ్మ ఒంటి మీదది కాకుండా నీ భుజానికి కుదిరింది తీసుకో, అంతే.

వాయిదాల మాట మాత్రం మళ్ళీ నా చెవిన పడకూడదు. ఉతికితే వెలిసిపోయే వస్తువుకి వాయిదాలేంట్రా? చొక్కా చిరిగినా కిస్తీ ఆగదు. ఈ నెల బూట్లు, వచ్చే నెల ప్యాంటు కొనుక్కో. మధ్యలో గడువు దొరికితే మనసు మారే అవకాశం ఉంటుంది, మారితే డబ్బు మిగులుతుంది. ఖరీదైనది కొనాలనిపించినప్పుడు దాన్ని ఎన్నిసార్లు వేసుకుంటావో నిజాయితీగా లెక్కేసి ధరని భాగించు. రోజు మార్చి రోజు వేసుకునే ప్యాంటు ఖరీదైనా గిట్టుబాటే. పండక్కి ఒకసారి తీసేది చవకైనా దండగ.

కోప్పడ్డానని మొహం ముడుచుకోకు. నాన్న పేరు కింద అందరికన్నా ఎక్కువ డబ్బు రాశావు చూడు, అది చూసి కాసేపు కాగితం పక్కన పెట్టేశా.

తనని షాపుకి తీసుకెళ్ళకు. రాడు, వచ్చినా మొదటిది చాలంటాడు. తను మాటిమాటికీ వేసుకునే చొక్కా ఒకటి ఉంటుంది, అది తెచ్చి గుండీలు పెట్టి బల్ల మీద ముడతలు లేకుండా పరిచి కొలువు. ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా, చంకల కింద ఛాతీ అడ్డం, చెయ్యి పొడవు, కాలర్ కింది నుంచి అంచు దాకా పొడవు. సైజు నంబరు నమ్మకు, ఒకే నంబరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. చొక్కా ఆయన బయటికే వదులుతాడు కాబట్టి అంచు తిన్నగా ఉన్నది చూడు. వంపు అంచు ఉన్నవి లోపలికి దోపుకోవడానికి. లినెన్ అయితే బాగుంటుంది, ముడతలు పడుతుంది గానీ ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

టీషర్టు అంటే చిన్నపిల్లల బట్టలంటాడు. కాలర్ ఉన్నది ఇచ్చి చూడు. పొడుగు చేతుల చొక్కాతో టెన్నిస్ ఆడటం కష్టమని ఫ్రాన్స్ ఆటగాడు రెనే లాకోస్త్ 1926లో అలాంటిది వేసుకుని పోటీలో దిగాడని చెప్పు, ఆటల కబుర్లకి మీ నాన్న కరుగుతాడు. గుడ్డలో సన్నని గళ్ళలా అల్లిక కనిపించే రకం తీసుకో, గాలి ఆడుతుంది.

ఆయనకి జాకెట్ కూడా రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టావు. తీసెయ్యి ఆ గుర్తు. కొను. భుజంలో ప్యాడ్, లోపల అస్తరు లేని మెత్తటి కాటన్ జాకెట్ చూడు, చొక్కాలా ఒంటి మీద వాలిపోతుంది. చొక్కా భుజం కన్నా జాకెట్ భుజం అర అంగుళం ఎక్కువుంటే చాలు, అంతకు మించితే వద్దు. చేతులు పొడవైతే షాపువాళ్ళతో కట్ చేయించకు, నాకు పంపు, నేను చూసుకుంటా. కొనే ముందు కొలతలు పంపించు. పాత చొక్కా ఎందుకు కొలుస్తున్నావని ఆయన అడిగితే అత్త అడిగిందని చెప్పు, ఇంకేమీ అడగడు. అంగుళాల్లోనే పంపు. సెంటీమీటర్లలో పంపితే నాకు లెక్క కుదిరి చావదు.

మీ అత్త