ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్‌కు మూడు మానిటర్లు పెట్టుకోవచ్చా?

విజయవాడ అపార్ట్‌మెంట్‌లో చిన్న గది, ఇప్పటికే ఉన్న 27 అంగుళాల 1080పి మానిటర్‌కి ఇంకో రెండు కలపాలా, లేక పెద్ద 4కె టీవీ కొనాలా అన్నది ప్రశ్న. నా ఓటు మానిటర్లకే. సిమ్యులేటర్‌లో గన్నవరం విమానాశ్రయంలో దిగడానికి రన్‌వే వైపు తిరిగేటప్పుడు అది కనపడేది పక్క కిటికీలోంచి. ఒక్క తెర మీద ప్రతిసారీ కెమెరా తిప్పుకుంటూ కూర్చోవాలి.

కంప్యూటర్ మీద భారం కూడా తక్కువే. మూడు 1080పి తెరలు కలిపి దాదాపు 62 లక్షల పిక్సెళ్లు, ఒక్క 4కె తెరకే 83 లక్షలు. మూడింటినీ ఒకే గ్రాఫిక్స్ కార్డుకి కలపండి, ఒకటి మదర్‌బోర్డుకి తగిలించొద్దు.

అసలు తిప్పలంతా కోణాలతోనే. 27 అంగుళాల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కళ్లకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది ఆక్రమించే కోణం 46 డిగ్రీలు. పక్క తెరల్ని అంతే కోణంలో మీ వైపు తిప్పండి. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి తెరకూ చూపు కోణం 46 ఇచ్చి, పక్కకి జరిపే విలువ ఎడమ తెరకు మైనస్ 46, కుడి తెరకు 46 పెడితే క్షితిజరేఖ విరగకుండా వస్తుంది. మూడింటినీ ఒకే వెడల్పాటి తెరగా కలిపేసి ఒకే కెమెరాతో నడిపితే మాత్రం అంచుల్లో రెక్కలు రబ్బరులా సాగిపోతాయి.

మూడూ ఒకే మోడల్ అయితే రంగుల గొడవ ఉండదు. కరెంటు పోతే ఫ్లైట్ మధ్యలో ఆగకుండా యూపీఎస్ ఉంచుకోండి. ఎండాకాలం తలుపులు మూసి ఆడాలంటే ఏసీ తప్పదు.