పోతినమల్లయ్యపాలెంలో ఆ రాత్రి కథ ఎవరిది?

ఒకే కథ మైదానంలో, టీవీలో, సినిమాలో, ఫోనులో విడివిడి భాగాలుగా నడుస్తున్న ఈ రోజుల్లో ప్రేక్షకుడి భాగస్వామ్యం నిజమైనదేనా, లేక ప్రచారానికి పెట్టిన మరో పేరా అని మీరు అడిగారు. నిజమైనదేనని నా గట్టి నమ్మకం. అయితే దానిని ఎవరూ తెచ్చి మన చేతిలో పెట్టరు. కథను నడిపేవారు అనుకోని చోటికి మనం దానిని తీసుకుపోయినప్పుడే అది మనదవుతుంది. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన నేను దీనిని కళ్లారా చూశాను.

2024 మార్చి 31, ఆదివారం. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు తన సొంత మైదానపు మ్యాచ్‌లలో తొలి రెండింటిని మన నగరంలో ఆడింది కాబట్టి, కాగితం మీద ఆ రాత్రి పోతినమల్లయ్యపాలెం స్టేడియం నీలం చొక్కాల ఢిల్లీ వారిదే. ఎదుటి జట్టు ధోనీ ఆడే, పసుపు చొక్కాల చెన్నై సూపర్ కింగ్స్. పదో తరగతి పరీక్షలు అప్పుడే ముగించుకున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని బయలుదేరాను. కార్ షెడ్ కూడలి దగ్గర బళ్లు కదలకపోవడంతో దిగి నడిచాము. రోడ్డు పక్కన చొక్కాలు అమ్మేవారి దగ్గర నీలం రంగువి మడత విప్పకుండా ఉన్నాయి, పసుపు రంగువి మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. లోపలికి వెళ్లేసరికి మైదానం చుట్టూ చేమంతులు ఆరబోసినట్టుగా ఉంది.

ఢిల్లీ 191 పరుగులు చేసింది. కారు ప్రమాదం తరువాత తిరిగి ఆటలోకి వచ్చిన రిషభ్ పంత్ అర్ధశతకం సాధించినప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కానీ ఆ జనం ఎదురుచూస్తున్నది వేరొకరి కోసం. ధోనీ ఆ సీజనుకు ముందే నాయకత్వాన్ని రుతురాజ్ గైక్వాడ్‌కు అప్పగించాడు, తొలి రెండు మ్యాచ్‌లలో బ్యాటు పట్టే అవసరమే అతనికి రాలేదు. అందుచేత చెన్నై వికెట్టు పడినప్పుడల్లా, ధోనీ రాక దగ్గరపడిందని పసుపు చొక్కాలు వేసుకున్నవారే సంతోషించారు. మా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన తన మనవడికి 2005 ఏప్రిల్ 5 నాటి సంగతి చెబుతున్నారు. అప్పటికి నాలుగు వన్డేలు మాత్రమే ఆడి, చెప్పుకోదగ్గ పరుగులు చేయని ధోనీ అనే జులపాల కుర్రవాడిని ఇదే మైదానంలో మూడో స్థానంలో పంపించగా, పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 పరుగులు చేశాడని ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి చెబుతుంటే, మా అమ్మాయి ఆ ఆట వీడియోను ఫోనులో వెతికి ఆ పిల్లవాడికి చూపించింది.

శివమ్ దూబే అవుటయ్యాక ధోనీ మెట్లు దిగి వచ్చాడు. ఆ క్షణంలో లేచిన హోరులో పక్కనున్న మా అమ్మాయి మాట కూడా నాకు వినబడలేదు. చివరి ఓవరులో చెన్నైకి 41 పరుగులు కావాలి. గెలుపు అసాధ్యమని అందరికీ తెలుసు, అయినా ఒక్కరూ కదలలేదు. ఆ ఓవరులో 20 పరుగులు వచ్చాయి, ధోనీ 16 బంతుల్లో 37 పరుగులతో నిలిచాడు, ఢిల్లీ 20 పరుగుల తేడాతో గెలిచింది. ఓడిన పక్షాన్ని కోరుకున్న జనం పండుగ చేసుకుంటూ ఇళ్లకు మళ్లారు.

దారిలో మా నాన్నగారు ఫోను చేశారు. 2005లో నన్ను వెంటబెట్టుకుని ఆ మ్యాచ్‌కు తీసుకువెళ్లింది ఆయనే, ఇప్పుడు మోకాళ్ల నొప్పి వల్ల ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. "ఏటిరా, గెలిచింది ఢిల్లీ కదా, ఆ కేకలేటి?" అన్నారు. "ఆ 148 కోసం నాన్నా" అన్నాను. కొంచెం ఆగి, "అవున్రా, అది మనూర్లోనే కదా కొట్టాడు" అన్నారు.

ఆ రాత్రి కథ ఏ జట్టు యాజమాన్యం రాసింది కాదని నేను అనేది ఇందుకే. మొదట మైదానంలో, తరువాత టీవీలో, 2016లో ధోనీ జీవితం మీద వచ్చిన సినిమాలో, ఇప్పుడు ఫోన్లలో, 19 ఏళ్ల పాటు ఆ కథను మోసి, దాని ఊరు విశాఖ అని నిలబెట్టింది ఇక్కడి ప్రేక్షకులే.

మన బుర్రకథలో ఇది ఎప్పటినుంచో ఉంది. కథకుడికి ఇరువైపులా నిలబడే వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. రాజకీయం చెప్పే వంత కథను మధ్యలో ఆపి, నేటి ధరల గురించి, నేటి పాలకుల గురించి ప్రశ్నిస్తాడు. అతను అడ్డుతగిలితేనే పాతకథకు ఈనాటి ప్రాణం వస్తుంది. నేటి కార్యక్రమాలు ప్రేక్షకుడిని వంతగా పిలుస్తున్నాయి గానీ తాళం వేయమనడమే తప్ప ప్రశ్న అడగనివ్వడం లేదన్నది నా ప్రధానమైన ఆరోపణ.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇంటింటా నలిగింది. ఎవరికి తోచిన జవాబు వారు అల్లుకున్నాము, ఆ ఎదురుచూపులో ఆనందమూ పొందాము, కానీ మన జవాబు వల్ల కథలో ఒక్క అక్షరమూ మారలేదు. బిగ్ బాస్ తెలుగులో ఓటు ఉంది కాబట్టి అది కొంత నయం. 2018లో ఆ పోటీలో ఉన్న కౌశల్ కోసం కౌశల్ ఆర్మీ పేరుతో అభిమానులు తమంతట తాముగా కూడి, హైదరాబాదులో 2కే రన్ కూడా జరిపి, టీవీలోని ఆటను వీధిలోకి తెచ్చారు. వారి ఆవేశం నాకు నచ్చలేదు, కానీ అది ఎవరో నొక్కమన్న మీట కాదని ఒప్పుకుంటాను.

రాజకీయాలలో ఇది మరింత లోతుగా ఉంటుంది. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన ఎన్టీఆర్‌ను 1982లో ఆయన ప్రచార వాహనమైన చైతన్యరథం మీద చూసిన జనం, పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో, ఆయనకు అధికారం అప్పగించారు. ఆ కథకు ముగింపు రాసింది కేవలం నటుడు కాదు, ఓటరు. అంతకుముందే మన నగరంలో మరో కథ నడిచింది. విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని కోరుతూ "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966లో గోడల మీదికి, ఊరేగింపుల్లోకి, నవంబరు 1న తూటాలకు ఎదురుగా నిలిచిన విద్యార్థుల గొంతుల్లోకి వెళ్లింది. మా నాన్నగారు అప్పుడు కళాశాల విద్యార్థి, సున్నం బకెట్టు పట్టుకుని గోడల మీద ఆ మాటలు రాశారు, తరువాత ఆ ఉక్కు ప్లాంటులోనే ఉద్యోగం చేసి విరమణ పొందారు. 2021లో ఆ ప్లాంటు ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడగానే అవే నాలుగు మాటలు హాష్‌ట్యాగుగా, ఫోను స్టేటస్‌గా, దానికి నిరసనగా కూర్మన్నపాలెంలో వెలసిన దీక్షా శిబిరంలో బ్యానరుగా తిరిగి వచ్చాయి. ఏ ప్రచార సంస్థా ఇంత కాలం నిలిచే మాటను తయారుచేయలేదని నా అభిప్రాయం.

ఎన్నికలకు ముందు ఒకరోజు మా ఇంటికి ఒక పార్టీ తరఫున రికార్డు చేసిన ఫోను వచ్చింది. నాయకుడి గొంతు మా అభిప్రాయం ఎంతో విలువైనదని చెప్పి, సమ్మతమైతే 1, కాకపోతే 2 నొక్కమంది. నాన్నగారు అది మనిషి గొంతనే అనుకుని, "బాబూ, మా ప్లాంటు సంగతేటి? దానికి సొంత గనులు ఎప్పుడిస్తారు?" అని అడిగారు. గొంతు మళ్లీ 1 నొక్కమంది. ఆయన మళ్లీ అదే ప్రశ్న, ఈసారి కొంచెం గట్టిగా, అడిగారు. మూడోసారి కూడా 1 నొక్కమన్నాక, ఏ అంకే నొక్కకుండా ఫోను పెట్టేసి, సాయంత్రం నన్ను బండి తీయమని కూర్మన్నపాలెం శిబిరానికి వెళ్లి, చాప మీద కూర్చున్నవారి మధ్య అదే ప్రశ్న మైకులో అడిగి వచ్చారు.