కాకటీల్ ఉన్న పంజరంలో లవ్ బర్డ్‌ని పెట్టొచ్చా?

ఇంట్లో కాకటీల్ (నెత్తిన జుట్టు ఉండే చిన్న చిలుక జాతి పక్షి) ఒంటరిగా ఉంది, తోడుగా లవ్ బర్డ్‌ని తెచ్చి అదే పంజరంలో వదలొచ్చా అని అడిగారు. వద్దండి. మొదటి రోజే కాదు, ఎప్పటికీ వద్దు. నేను ఆ పని చేసి చూసినదాన్ని.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా చిట్టి బూడిద రంగు కాకటీల్. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయాక దానితో మాట్లాడేవాళ్లు లేరని జాలేసి, షాపుకెళ్లి లవ్ బర్డ్ కావాలన్నాను. మన దగ్గర బడ్జీలనే, అంటే పొడుగు తోక ఉండే చిట్టి చిలుకల్నే, అందరూ లవ్ బర్డ్స్ అంటారు, నా మనసులో ఉన్నవీ అవే. ఆయన ఇచ్చింది మాత్రం అసలు లవ్ బర్డ్, ఆఫ్రికా జాతిది. పొట్టి తోక, నారింజ మొహం. "దేనితోనైనా కలిసిపోద్దమ్మా, ఒకే దాంట్లో వేసేయండి" అన్నాడు. అమ్మేవాళ్లు ఈ ఒక్క మాట మానేస్తే ఎన్ని పక్షులు బతికిపోతాయో! లవ్ బర్డ్ పేరులో ఉన్న ప్రేమంతా తన జతమీదే. వేరే జాతి పక్షి కాళ్లు కొరకడం దానికి మామూలు విషయం.

సాయంత్రం పంజరం తలుపు తీసి వదిలాను. చిట్టి పై కర్ర మీద ఓ మూలకి జరిగిపోయింది. నెత్తి మీది జుట్టు మెడకి అతుక్కుపోయినట్టు వెనక్కి పడిపోయింది, బుస్సుమంటోంది. అది భయమని నాకు అప్పుడు తెలియదు. కాసేపటికి సర్దుకుంటాయిలే అని పాలు దించడానికి వంటింట్లోకి వెళ్లాను. ఒక్క అరుపు వినిపించింది. పరిగెత్తుకొచ్చేసరికి కొత్తది ఊచలు పట్టుకుని కింద వేలాడుతూ చిట్టి కాలి వేలిని ముక్కుతో బిగించి ఉంది. అడుగున పరిచిన పేపరు మీద నెత్తుటి చుక్కలు. వంద గ్రాములు కూడా లేని ప్రాణికి అవి చాలా ఎక్కువ. దూది పెట్టి నొక్కి పట్టుకుంటే దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. కుక్కలకీ గేదెలకీ డాక్టర్లు ఉన్నారు గానీ, పక్షిని చేత్తో పట్టుకోవడం తెలిసినాయన కోసం ఆ రాత్రి మూడు చోట్ల తిరిగాం. ఆ వేలికి గోరు మళ్లీ రాలేదు.

చివరికి దొరికిన ఆ డాక్టరు చెప్పిందే మీకూ చెబుతున్నాను. కొత్త పక్షిని కనీసం 30 రోజులు, వీలైతే 45 రోజులు వేరే గదిలో ఉంచండి. పక్షులు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి. సిట్టకోసిస్ (చిలుకల నుంచి వచ్చే ఒక జబ్బు) లాంటివి మనుషులకి కూడా అంటుకుంటాయి. ముందు పాతదానికి తిండి పెట్టి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, చేతులు కడుక్కోండి. ఆ గడువు దాటాక ఒకే గదిలో రెండు పంజరాలు దూరదూరంగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ దగ్గరికి జరపండి. ఊచల్లోంచి ముక్కు అందేంత దగ్గరికి మాత్రం వద్దు. బయటికి వదిలేటప్పుడు వంతులవారీగా వదలండి.

ఇంత గొడవెందుకు, ఓ రామచిలుకని తెచ్చుకోకపోయావా అని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, గూట్లోంచి లాక్కొచ్చి రెక్కలు కత్తిరించిన పిల్లని ఎలా ముద్దు చేస్తారు? జోస్యం చిలకని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు పంజరాలు, మధ్యలో అడుగున్నర దూరం. సాయంత్రం నాలుగింటికి రెండింటికీ చెరో పండు మిర్చి బాగా కడిగి ఇస్తాను. కారం మంటని పట్టే గుణం పక్షుల నోటికి లేదు, గింజలతో సహా తినేస్తాయి. చిట్టి తింటూ తింటూ అటు చూసి ఈల వేస్తుంది, అదీ కిచకిచమంటుంది. చిట్టి జుట్టు సగం లేచి నింపాదిగా ఉంటుంది. ఆ స్నేహం అక్కడిదాకా రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఇంకొక్క మాట. మీ కాకటీల్ పంజరం ఇప్పుడు ఏ మూల ఉందో అక్కడే ఉండనివ్వండి, జరిగేది కొత్తదాని పంజరమే కావాలి.